నెలల్లో కొలిచిన ఇల్లు: అప్పుల లెక్క, ఇంటి ప్లాన్ ఒకే నోటుబుక్కులో

ఇంటి కల ఉన్నవాళ్ళు చాలామంది అప్పుల లెక్క ఒకచోట, ఇంటి బొమ్మలు ఇంకోచోట పెట్టుకుంటారు. ముందు అప్పు తీరనీ, తర్వాత ఇల్లు చూద్దాం అంటారు. తీరా అప్పు తీరిన నెలలోనే, వాయిదా కట్టనక్కర్లేదన్న ధీమాలో ఆ డబ్బు ఏదో ఒక కొనుగోలుకి పోతుంది. ఇల్లు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఈ ప్రాజెక్టులో రెండూ ఒకే పుస్తకంలో నడుస్తాయి. ఎడమ పేజీ అప్పులకి, కుడి పేజీ ఇంటికి. రెండు పేజీలకీ కొలత ఒకటే: నెల.

అంకెలు ఒక నమూనా కుటుంబానివి. ఏ దేశపు డబ్బుగా చదువుకున్నా లెక్క ఒకటే. మీ అంకెలు వేసుకుంటే నెలలు మారతాయి, పనుల వరస మారదు.

0వ నెల: ఉన్నది ఉన్నట్టు రాయడం

నెల రాబడి 55,000. అప్పులు మూడు:

క్రెడిట్ కార్డు బాకీ 60,000, నెలకు 3 శాతం వడ్డీ, ప్రస్తుతం నెలకు 3,000 కడుతున్నారు.
వ్యక్తిగత రుణం 1,50,000, ఏడాదికి 14 శాతం, వాయిదా 5,127, ఇంకా 36 నెలలు.
వాహన రుణం 90,000, ఏడాదికి 10 శాతం, వాయిదా 4,153, ఇంకా 24 నెలలు.

మొత్తం అప్పు 3,00,000. నెలకు పోతున్నది 12,280.

ఈ జాబితా రాసేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు వడ్డీ శాతాన్ని రుణపత్రం మీద ఉన్నట్టే దించుకోవడం. అది ఫ్లాట్ వడ్డీనా, తగ్గే అసలు మీద వేసిన వడ్డీనా అన్నది ముందు తేల్చుకోవాలి. 1,00,000 అప్పుకి 3 ఏళ్ళకు 10 శాతం ఫ్లాట్ అంటే మొత్తం వడ్డీ 30,000, నెల వాయిదా 3,611. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేశారు కాబట్టి, తగ్గే అసలు లెక్కలో అది ఏడాదికి దాదాపు 17.9 శాతం. అంటే చూపుకి 10 శాతం ఉన్న ఆ అప్పు 14 శాతం అప్పు కంటే ఖరీదైనది, జాబితాలో దాని పైన ఉండాలి. చేబదుళ్ళు కూడా ఇదే పేజీలో రాయాలి. వడ్డీ లేదని వదిలేస్తే, ఇచ్చినవాళ్ళకి అవసరం పడిన నెలలో లెక్కంతా తలకిందులవుతుంది.

1వ నెల: ఖర్చు పుస్తకం

30 రోజులపాటు ఏ ఖర్చూ తగ్గించకూడదు, రాయడమే. మొదటి రోజు నుంచే పొదుపు మొదలుపెడితే ఆ నెల లెక్క ఇంటి అసలు తీరు చూపించదు, దాని మీద వేసిన బడ్జెట్టు రెండో నెలకే తెగిపోతుంది. తేదీ, ఎంత, దేనికి, ఎవరు, ఎలా చెల్లించారు: ఈ అయిదు గళ్ళు చాలు. ఏ రోజుది ఆ రోజే రాయాలి, వారానికోసారి గుర్తు చేసుకుని రాస్తే చిన్నవన్నీ జారిపోతాయి.

ఇదే నెలలో ఇంకో కాగితం మీద ఏడాది మొత్తంలో ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులు రాయాలి: బీమా ప్రీమియం, బడి ఫీజు, వాహనం సర్వీసు, టైర్లు, కానుకలు, ఏటా కట్టే పన్నులు. నమూనా కుటుంబానికి ఇవి కలిపి ఏడాదికి 48,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 4,000. ఈ 4,000 ప్రతి నెలా వేరే ఖాతాలో పడాలి. అప్పు తీర్చే ప్రయత్నాలు దుబారా వల్లే కాదు, ఈ గడి లేకపోవడం వల్ల కూడా ఆగిపోతాయి. బీమా ప్రీమియం ఎప్పుడు కట్టాలో ఏడాది ముందే తెలుసు. అయినా అది వచ్చిన నెలలో ‘అనుకోని ఖర్చు’ పేరుతో కార్డు గీస్తారు, అయిదు నెలలు కట్టినది ఒక్క రోజులో వెనక్కి పోతుంది.

2వ నెల: 5,720 ఎక్కడ దొరికింది

కొత్త బడ్జెట్టు: ఇంటి అవసరాలకి 30,000, ఏడాది ఖర్చుల ఖాతాకి 4,000, మిగతా చిల్లరకి 3,000. మొత్తం 37,000. మిగిలిన 18,000 అప్పులకి. పాత వాయిదాలు 12,280 పోగా 5,720 అదనం. ఈ 18,000 అన్న అంకెను నోటుబుక్కు అట్ట మీద పెద్దగా రాసుకోవాలి. ఇక్కడి నుంచి ‘ఒక నెల’ అంటే ఇదే.

అదనం ఎక్కడ దొరుకుతుందో చూసేటప్పుడు పెద్దవాటి దగ్గర మొదలుపెట్టాలి: అద్దె, ప్రయాణం, బీమా, ఫోన్, ఇంటర్నెట్ పథకాలు, ఎవరూ చూడని చందాలు. వీటిని ఒకసారి సరిచేస్తే చాలు, రోజూ మనసుతో పోట్లాడక్కర్లేదు. చిన్న పొదుపులు చన్నీళ్ళకు వేణ్ణీళ్ళలా తోడవుతాయి, కానీ వాటిని కూడా అంకెల్లోనే చూడాలి. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, రోజుకి 5 గంటల చొప్పున ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. వాడకపోయినా ప్లగ్గులో ఉండి 10 వాట్లు లాగే పరికరం ఏడాదికి 87.6 యూనిట్లు తింటుంది. 15 లీటర్ల గీజర్లో నీళ్ళు 30 డిగ్రీలు వేడెక్కడానికి అర యూనిట్ కాస్త పైన పడుతుంది. వాడకానికి చాలాముందు వేసి వదిలేస్తే, చల్లారిన వేడిని మళ్ళీ మళ్ళీ కొనుక్కున్నట్టే.

ఫ్రిజ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది రాత్రీ పగలూ నడిచే పరికరం. తలుపు రబ్బరుకీ అంచుకీ మధ్య చిన్న కాగితం ముక్క పెట్టి తలుపు మూసి, మెల్లగా లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు బాగుంది. జారి చేతిలోకి వచ్చేస్తే అక్కడ గాలి లోపలికి పోతోంది, మోటారు ఆగకుండా తిరుగుతోంది. నాలుగు వైపులా, మూలల్లో కూడా విడివిడిగా చూడాలి. ఒక పక్క బిగువుగా ఉండి కింది మూల వదులుగా ఉండటం మామూలే. చాలాసార్లు రబ్బరు మడతల్లో చేరిన జిడ్డే కారణం. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో, పాత పళ్ళ బ్రష్షుతో మడతలు తెరిచి శుభ్రం చేసి, తుడిచి, ఆరాక మళ్ళీ కాగితం పెట్టి చూడాలి. అప్పటికీ జారితే రబ్బరు మార్చాలి, ఫ్రిజ్ కాదు.

అయితే ఒక మాట సూటిగా చెప్పాలి. మొదటి నెల కార్డు వడ్డీ ఒక్కటే 1,800. ఇంట్లో ఏ బల్బు మార్చినా, ఏ రబ్బరు కడిగినా నెలకు అంత మిగలదు. అన్నిటికన్నా పెద్ద పొదుపు ఖరీదైన అప్పును ముందు చంపడమే.

3వ నెల: మొదటి అదనపు చెల్లింపు

(చెల్లింపుల వరస సంఖ్య ఇక్కడి నుంచి మొదలు. కింద ‘1వ చెల్లింపు’ అంటే ఇదే.)

దీనికి ముందే 15,000 చిన్న నిల్వ పక్కన ఉండాలి, అంటే అర నెల ఇంటి అవసరం. అది లేకుండా మొత్తం అప్పుకి పోస్తే, మొదటి చిన్న దెబ్బకే కొత్త అప్పు పుడుతుంది.

వ్యక్తిగత రుణానికీ వాహన రుణానికీ వాటి వాయిదాలే. కార్డుకి 3,000తో పాటు 5,720 అదనం, మొత్తం 8,720. బాకీ ఇలా దిగుతుంది: 60,000 నుంచి 53,080కి, తర్వాత 45,952, 38,611, 31,049, 23,261, 15,239, 6,976. ఎనిమిదో చెల్లింపు 7,185తో సున్నా. మొత్తం వడ్డీ 8,225.

వేరే దారిలో వెళితే ఏమవుతుందో కూడా ఎడమ పేజీలో రాసి ఉంచాలి. వాహన రుణం త్వరగా తీరుతుంది కదా అని అదనం అంతా దానికి పోస్తే పదో చెల్లింపుకి అది తీరుతుంది. ఆ పది నెలల్లో కార్డుకి 30,000 కట్టినా, అందులో 16,243 వడ్డీకే పోతుంది, బాకీ ఇంకా 46,243 ఉంటుంది. ఇక బిల్లు మీద రాసిన కనీస మొత్తం, బాకీలో 5 శాతం మాత్రమే కడుతూ పోతే, కొత్తగా ఒక్క వస్తువూ కొనకపోయినా బాకీ సగానికి రావడానికి 32 నెలలు పడుతుంది.

కార్డు విషయంలో ఇంకో రెండు చిన్న చిక్కులు. బాకీ మోస్తున్న కార్డు మీద కొత్త కొనుగోలుకి వడ్డీ లేని గడువు సాధారణంగా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. తీర్చే ఎనిమిది నెలలూ దాన్ని వాడకూడదనేది అందుకే. ఫోన్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తొలగిస్తే సగం పని అయినట్టే. రెండోది, వడ్డీ రోజు లెక్కన పడుతుంది. 8,720ని గడువు తేదీ 20 దాకా ఉంచకుండా 2వ తేదీనే కడితే 18 రోజుల వడ్డీ మిగులుతుంది, సుమారు 155. జీతం పడిన మర్నాడే డబ్బు వెళ్ళేలా తేదీ పెట్టుకోవడం దీనికోసమే. చేతిలో ఉన్న డబ్బు 18 రోజులు చేతిలోనే ఉండదన్నది ఇంకో కారణం.

5వ చెల్లింపు: కుడి పేజీ తెరవడం

ఎడమ పేజీ ఇప్పుడు తనంతట తాను నడుస్తుంది. ఖాళీ సాయంత్రాలు ఇంటికి ఇవ్వొచ్చు. కానీ ప్లాన్ గీయడం ఇంకా కాదు, ముందు ప్రస్తుతం ఉంటున్న ఇంటిని కొలవాలి. ప్రతి గది పొడవు, వెడల్పు, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తు, రోజులో ఏ గంటకు ఏ గదిలో ఎవరున్నారు. రెండు వారాలు ఈ చివరి లెక్క రాస్తే ఏ గది రోజంతా ఖాళీగా ఉంటోందో కాగితం మీదే బయటపడుతుంది. గదుల కోరికల జాబితా దాని తర్వాతే రాయాలి.

8వ చెల్లింపు

కార్డు తీరింది. మిగిలిన 1,535 అదే రోజు వ్యక్తిగత రుణానికి. బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకుని దాచాలి. తర్వాతి నెల బిల్లు కూడా తెరిచి చూడాలి. బిల్లు తయారైన తేదీకీ చెల్లించిన తేదీకీ మధ్య పడిన వడ్డీ చిన్న మొత్తంగా మిగిలి ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఆలస్య రుసుముతో కలిసి పెరుగుతుంది.

9వ చెల్లింపు: వాయిదా ఇంట్లోకి రాకూడదు

ప్రాజెక్టు మొత్తంలో జాగ్రత్తగా ఉండాల్సిన నెల ఇది. కార్డుకి పోయే 8,720 ఇప్పుడు ఖాళీ. అది ఇంటి ఖర్చులోకి ఒక్క నెల వచ్చినా అలవాటవుతుంది, రెండో నెలకి అవసరంగా మారుతుంది. అందుకని కార్డు తీరిన రోజునే దాన్ని వ్యక్తిగత రుణానికి మళ్ళించాలి: 5,127తో కలిపి 13,847.

ఇక్కడ తరచూ జరిగే తప్పు రుణం ఇచ్చినవాళ్ళ వైపు నుంచి ఉంటుంది. అదనంగా పంపిన డబ్బును అసలుకి జమ చేయకుండా, రాబోయే వాయిదాకి ముందస్తుగా పక్కన పెడతారు. అప్పుడు వడ్డీ ఏమీ తగ్గదు. ‘ఈ మొత్తాన్ని అసలులో తగ్గించండి, వాయిదా అంతే ఉంచి గడువు తగ్గించండి’ అని రాసి ఇవ్వాలి. తర్వాతి నెల స్టేట్‌మెంటులో అసలు నిజంగా దిగిందో లేదో చూడాలి. ముందుగా కట్టినందుకు రుసుము ఉంటే, అది మిగిలే వడ్డీ కంటే తక్కువో కాదో కట్టేముందే లెక్క వేయాలి.

12వ చెల్లింపు: సుద్దముక్కతో పడకగది

గళ్ళ కాగితం మీద ఒక గడి ఒక అడుగు. ఇక గీయొచ్చు. కానీ గీసిన ప్రతి గదినీ నేల మీద సుద్దతో నిజం కొలతలో గీసి నిలబడి చూడాలి. మంచం 6 అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు. రెండు పక్కలా నడవడానికి రెండున్నర అడుగుల చొప్పున వదిలితే అడ్డంగా 11 అడుగులు. నిలువుగా మంచం ఆరున్నర, కాళ్ళ వైపు దారి రెండున్నర, బీరువా లోతు 2, మొత్తం 11. కాబట్టి లోపల 11 అడుగుల చదరం ఉంటే ఇద్దరికి ఇబ్బంది లేని గది. బీరువా తలుపు తెరిస్తే అదే దారిలోకి వస్తుంది. సుద్దగీత మీద నిలబడి చేయి చాపి చూస్తేనే అది తెలుస్తుంది.

ప్లాన్‌లో 12 అని రాసి ఉంటే లోపల 12 వస్తుందనుకోవద్దు. కొలతలు గోడ మధ్య నుంచి గోడ మధ్యకి ఇచ్చి ఉంటే, 9 అంగుళాల గోడలు రెండు వైపులా నాలుగున్నర అంగుళాల చొప్పున తింటాయి. మిగిలేది 11 అడుగుల 3 అంగుళాలు. రెండు వైపులా అర అంగుళం ప్లాస్టరింగు పోతే 11 అడుగుల 2 అంగుళాలు. గీయించేటప్పుడు లోపలి కొలతలే రాయమని అడగాలి.

14వ చెల్లింపు: చదరపు అడుగుకి ఎన్ని నెలలు

లెక్క కోసం చదరపు అడుగు కట్టుబడి 2,000 అనుకుందాం. 18,000ని దానితో భాగిస్తే 9. అంటే ఈ కుటుంబానికి ఒక నెల కష్టం 9 చదరపు అడుగులు. ఇప్పుడు కుడి పేజీలో ప్రతి గది పక్కనా నెలలు రాయొచ్చు.

ఎప్పుడైనా చుట్టాలొస్తే ఉంటుందని వేసిన 10 బై 12 గది: 120 చదరపు అడుగులు, 13 నెలల పైన. దాన్ని 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ళ గృహరుణంతో కడితే 2,40,000 కాస్తా 5,18,000 అవుతుంది, అప్పుడది 28 నెలలు దాటిన గది. మూడున్నర అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు నడవా: 56 చదరపు అడుగులు, 6 నెలలు. గదుల తలుపులు హాలులోకే తెరుచుకునేలా మారిస్తే ఆ నడవా చాలావరకు పోతుంది.

మెట్లను అందరూ తక్కువ అంచనా వేస్తారు. అంతస్తు ఎత్తు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. 18 మెట్లుగా భాగిస్తే ఒక్కోటి 6.67 అంగుళాల ఎత్తు. కాలు మోపే వెడల్పు 11 అంగుళాలు పెడితే, రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపి 24.3 వస్తుంది, ఎక్కడానికి హాయిగా ఉండే కొలత. మధ్యలో తిరిగే మెట్లైతే ఒక్కో వరసలో 8 వెడల్పులు, అంటే 7 అడుగుల 4 అంగుళాలు. తిరిగేచోట 3 అడుగులు, మొదట్లో నిలబడటానికి 3 అడుగులు. పొడవు 13 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు ఆరున్నర. దాదాపు 87 చదరపు అడుగులు, ఇంచుమించు 10 నెలలు. చోటు మిగల్చడానికి మెట్టు ఎత్తు 8 అంగుళాలకు పెంచితే పెద్దవాళ్ళ మోకాళ్ళు రోజూ ఆ బాకీ తీరుస్తాయి. ఇక్కడ మాత్రం పొదుపు చేయొద్దు.

ఆకారం కూడా డబ్బే. 30 బై 40, 20 బై 60 రెండూ 1,200 చదరపు అడుగులే. మొదటిదానికి చుట్టూ గోడ 140 అడుగులు, రెండోదానికి 160. పునాది, ఇటుక, ప్లాస్టరింగు, రంగు అన్నీ బయట గోడ వరకు 14 శాతం పెరుగుతాయి. స్థలం ఆకారం మన చేతిలో లేకపోయినా, మలుపులు, మూలలు మన చేతిలోవే. స్నానాల గదులు, వంటగది ఒకే గోడకి అటూ ఇటూ వస్తే పైపుల పొడవు తగ్గుతుంది, రేపు కారితే వెతకాల్సిన చోటూ ఒకటే.

18, 19వ చెల్లింపులు

వ్యక్తిగత రుణం చివరి మొత్తం 2,994తో తీరింది. ఆ నెల మిగిలిన 15,006 వాహన రుణానికి. మరుసటి నెల 13,465తో అదీ అయిపోయింది. చేతిలో 4,535 మిగులు. వాహనం పత్రాల మీద రుణదాత పేరు తీయించడం మర్చిపోకూడదు. ఏళ్ళ తర్వాత అమ్మబోయినప్పుడు చూసుకుంటే, ఆ పత్రం కోసం మళ్ళీ తిరగాలి.

20 నుంచి 23వ చెల్లింపు

18,000 అలాగే బయటికి వెళ్తుంది, ఖాతా పేరు మాత్రం మారింది. పాత 15,000, మిగిలిన 4,535, నాలుగు నెలల 72,000 కలిపి 91,535. మూడు నెలల ఇంటి అవసరం నిండింది. ఇది ఇంటి డబ్బు కాదు, స్లాబు రోజు తక్కువ పడినా దీన్ని ముట్టకూడదు.

24వ చెల్లింపు: వాయిదా రిహార్సల్

ఈ నెల నుంచి 18,000 ఇంటి ఖాతాకి. ఇది పొదుపే కాదు, రేపటి గృహరుణ వాయిదాకి సాధన. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువుకి 20,00,000 రుణం వాయిదా 17,995. అంకె సరిగ్గా అతికింది కాబట్టి 20 లక్షలు తీసుకోవచ్చనిపిస్తుంది. తీసుకోకూడదు. వడ్డీ మారే రుణంలో మొదట్లోనే 10 శాతానికి పెరిగితే వాయిదా 19,300 అవుతుంది. వాయిదా పెంచకుండా గడువు పెంచితే 240 నెలలు 314 అవుతాయి, ఆరేళ్ళ పైన అదనం. అందుకని 10 శాతం దగ్గర కూడా 18,000 దాటని మొత్తమే హద్దు: 18,65,000.

కట్టే కాలం లెక్క కూడా ఇక్కడే. రుణం విడతలుగా వస్తుంది, వచ్చినంత మేరకు వడ్డీ మొదలవుతుంది, ఆ ఏడాదంతా అద్దె కూడా ఆగదు. సగటున 10,00,000 పన్నెండు నెలలు బయట ఉంటే 9 శాతం లెక్కన 90,000, అంటే 5 నెలలు. ఈ గడి చదరపు అడుగు ధరలో ఉండదు. మట్టి పరీక్ష, అనుమతులు, కరెంటు, నీటి కనెక్షన్లు, ట్యాంకు, మురుగు గుంత, ప్రహరీ, గేటు, చెక్కపని, సామాను తరలింపు కూడా చాలా అంచనాల్లో ఉండవు. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఎక్కువగా వీటితోనే. ప్రతిదానికీ విడివిడిగా అంచనా రాసి, మొత్తం మీద 10 నుంచి 15 శాతం నిల్వ కలిపి, అప్పుడు 18,000తో భాగించాలి.

ప్రస్తుతం కుడి పేజీ

చుట్టాల గది కొట్టివేత, 13 నెలలు వెనక్కి. దాని బదులు హాలు పక్క గోడకి మడిచే మంచం. నడవా కొట్టివేత, 6 నెలలు. మెట్లు అలాగే. వంటగది, స్నానాల గది ఒకే గోడకి చేరాయి. మేస్త్రీతో మాట్లాడేముందు చేయాల్సింది మట్టి పరీక్ష. పునాది లోతు, రకం దాన్నిబట్టే తేలతాయి, అవి తేలకుండా ఇచ్చే ఏ అంచనా అయినా ఊహే. మూడో నమూనా బొమ్మ లోపలి కొలతలతో గీయించి, మళ్ళీ సుద్దముక్క పట్టాలి, ఈసారి వంటగది. గట్టు లోతు 2 అడుగులు, ఎదురెదురు గట్ల మధ్య 4 అడుగులు వదిలి, ఇద్దరు ఒకేసారి వంగి లేచి చూడాలి.